పొడి కొట్టని రాయి

సాలూరులో మా వీధిని నిద్ర లేపేవి రెండు చప్పుళ్ళు. ఒకటి లారీ హారను, రెండోది జగ్గమ్మ రోకలి. నేను అక్కడి ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో ఆ రెండింటి మధ్యా పడి నా బుర్ర వాచిపోయేది. విజయనగరం వచ్చేస్తానని మా నాన్నకు రాశాను. ఆయన కోవెల్లో వయొలిన్ వాయించే మనిషి. రోకలి చప్పుడులో తాళం వెతుక్కోమ్మా, అదే అలవాటవుతుందని జవాబు రాశాడు. ఆయనకేం, విజయనగరంలో కూర్చుని ఎన్నైనా చెబుతాడు.

జగ్గమ్మ మా పక్కింట్లో ఉండేది, ముగ్గుపిండి అమ్మేది. కొండల మీంచి సున్నపు బట్టీలకు తెల్లరాయి లారీల్లో దిగేది. అందులో చిన్న ముక్కలు బట్టీవాళ్ళకు పనికిరావు. జగ్గమ్మ వాటిని గంపకెత్తుకుని తెచ్చి, రోట్లో వేసి దంచి, పాతచీర గుడ్డలో జల్లించి, ఎండెక్కకముందే ఊళ్ళో పడేది. ఆమె కేక గంటస్తంభం కాడ వేస్తే మా బడి దగ్గర వినిపించేది. ఒంటి మీదా, జుట్టు మీదా, ఆఖరికి కనురెప్పల మీదా కూడా తెల్లపొడే. ఆ పొడి మధ్యలో ఎర్రగా ఒక బొట్టు. పొద్దున చూస్తే ముసలమ్మ, సాయంత్రం స్నానం చేసి అరుగు మీద కూర్చుంటే ఇంకా వయసు మళ్ళని మనిషి.

నోరు మంచిదని నేను చెప్పను. మొదటి రోజే నా వాకిట్లో ముగ్గు చూసి, "అదేటి పంతులమ్మా, కోడి గీరినట్టున్నాది?" అంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆమే వచ్చి వేసి పోయింది. ఆ తర్వాత నేను సాలూరులో ఉన్నన్నాళ్ళూ నా వాకిలి ఆమెదే.

వాళ్ళింటి గుమ్మం పక్క గూట్లో ఒక తెల్లరాయి ఉండేది. అరచెక్క కొబ్బరికాయంత ఉంటుంది. తెల్లగా ఏ రాయి కనిపించినా రోట్లోకి పోయే ఆ ఇంట్లో అదొక్కటే రోకటి దెబ్బ తప్పించుకుంది. ప్రతి శుక్రవారం ఇత్తడి చెంబులు తోమేటప్పుడు దాన్ని కూడా దించి, చింతపండుతో తోమి, కడిగి, కొంగుతో తుడిచి మళ్ళీ గూట్లో పెట్టేది. ఏదో దేవుడనుకుని నేనూ ఒకసారి దణ్ణం పెట్టాను. జగ్గమ్మ నవ్వీ నవ్వీ కూలబడింది.

"దేవుడు కాదమ్మా, మా మావ."

మావ అంటే మొగుడు. ఎర్రన్న. సొంత మేనమామే. చోళ్ళు, అంటే రాగులు, పండే మెట్టచెక్క ఒకటి ఉండేదట వాళ్ళకి. వాన కురిస్తే పంట, లేకపోతే వలస. వాన సరిగా పడని ఏడాది ఎర్రన్న సుత్తీ ఉలీ పట్టుకుని రాళ్ళు కొట్టే పనికి పోయేవాడు. ఇవాళ ఒక క్వారీ, పై నెల ఇంకో క్వారీ. ఇద్దరికీ చదువు రాదు. ఉత్తరం రాయించుకోవడానికి ఒకరి కాళ్ళు, చదివించుకోవడానికి ఇంకొకరి కాళ్ళు పట్టుకోవాలి. పైగా మొగుడు చెప్పిన మాట పరాయివాడి నోట్లోంచి వినాలి. ఎర్రన్న ఆ బాధ పెట్టుకోలేదు. పని దొరకగానే అక్కడి రాయి ముక్క ఒకటి సాలూరు వచ్చే లారీలో పడేసి, మా జగ్గికి ఇచ్చీయండి అనేవాడు. అదే ఉత్తరం. బరువైన నల్లరాయి వస్తే చీపురుపల్లి గనుల పక్కన ఉన్నాడని, ఎర్రచుక్కల రాయి వస్తే రామతీర్థం పక్కకు పోయాడని జగ్గమ్మకు అర్థమయ్యేది. ఒళ్ళో కుదిరేంత రాయి వస్తే బాగున్నాడు. చిన్నది వస్తే త్వరలో వస్తాడు. మనిషి తిరిగి వచ్చాక ఆ రాయిని తెచ్చి అరుగు గోడలో పెట్టి మట్టి మెత్తేవారు. ఆ ఇంటి అరుగు చూస్తే ఎన్ని రంగులో! నేను ఎన్నోసార్లు దాని మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దాను.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడు, వినాయకచవితికి ముందు, ఈ తెల్లరాయి వచ్చింది. లారీ ఆఫీసులో ఎవరో దించి, ఎర్రన్న పెళ్ళానిదని చెప్పి పోయారు. దించినవాడు ఏ లారీ క్లీనరో, ఆ లారీ ఎక్కడినుంచి వచ్చిందో ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. అప్పటికింకా జగ్గమ్మకు కంగారు లేదు, ఎప్పటిలాగే రాయి వచ్చింది కాబట్టి. దసరా పోయింది, దీపావళి పోయింది, మనిషి రాలేదు. అప్పుడు చూసుకుంటే తెల్లరాయి ఒక ఊరిది కాదు. సాలూరు దాటి కొండెక్కితే ఘాటీ రోడ్డు పొడుగునా అక్కడొక చార, అక్కడొక చార, ఒరిస్సాలో కోరాపుట్ దాకా తెల్లరాయే. బట్టీలకని, గచ్చు చిప్సుకని ఎక్కడ పడితే అక్కడ తవ్వుతున్నారు.

జగ్గమ్మ లారీలెక్కి పోయి చూసింది. రాయి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, ఒక క్వారీలో రాళ్ళ పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. ఇంకో క్వారీలోనూ అంతే. ఎర్రన్న పేరు గలవాళ్ళు రెండు చోట్లా ఉన్నారు, తన ఎర్రన్న లేడు. తిరిగి వచ్చి ముగ్గుపిండి వ్యాపారం పెట్టుకుంది. తెల్లరాయి దింపే ప్రతి లారీవాడితోనూ మాట్లాడవచ్చని. ఆ సంగతి ఆమె చెప్పలేదు, నేనే గ్రహించాను. ఒకసారి వాళ్ళ కులపెద్దలు వచ్చి, ఇంక బొట్టూ గాజులూ తీసీవాలమ్మా అని నసిగితే, రోకలి పట్టుకుని వీధి చివరిదాకా తరిమింది. అది మాత్రం నేను కళ్ళారా చూశాను. చూసి సంతోషించాను కూడా.

అరవై ఆరు చలికాలంలో మా పిన్ని కొడుకు అనంతపద్మనాభం నా ఇంటికి వచ్చాడు. ఇంట్లో అందరి చేతుల్లోనూ వయొలినో వీణో ఉంటే వీడి చేతికి సుత్తి వచ్చింది. వాల్తేరులో భూగర్భశాస్త్రం పరిశోధన. ఖాకీ సంచీ, మోకాళ్ళ దగ్గర చిరిగిన పంట్లాం, మాసిన గడ్డం చూసి మా వీధివాళ్ళు వీడు నిధులు తవ్వేవాడని తేల్చేశారు. పగలంతా కొండల్లో తిరిగి, సాయంత్రానికి ఒక్కో ముక్కకు ఒక్కో గుడ్డసంచీ చుట్టి, నా వంటింట్లో బియ్యపు డబ్బా పక్కన పేర్చేవాడు. అన్నీ తెల్లరాళ్ళే.

"ఒరే, పక్కింటికి వెళ్ళి అడిగితే గంపెడు ఇస్తుంది కదా, కొండలెక్కడం దేనికి?" అన్నాను.

"ఆ గంపలో ఏది ఎక్కడిదో తెలియదక్కా. నాకు కావలసింది అదే."

ఒక ఆదివారం జగ్గమ్మ అరుగు మీద కూర్చుని వాడు నాకు పాఠం చెప్పాడు. నేను పంతులమ్మనని కూడా చూడకుండా. సున్నపురాయి అంటే ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదట. ఆ తర్వాత కొండల కిందికి దిగి, ఉడికి, మెలికలు తిరిగి, ఇలా పటికబెల్లంలా పలుకు కట్టిందట. ఈ కొండల్లో ఒక చోట తెల్ల చార కనిపిస్తుంది, మాయమవుతుంది, ఇరవై మైళ్ళ అవతల మళ్ళీ తేలుతుంది. అదీ ఇదీ ఒకే పొరా, వేరు వేరు కాలాల్లో పేరుకున్న వేరు పొరలా? చెప్పడానికి అందులో గవ్వలూ నత్తగుల్లలూ లేవు. అవి పుట్టకముందు కాలపు రాయి.

"మరి ఎలా చెబుతావు?"

"తూచి చెబుతాను. రాయిలో కర్బనం ఉంటుంది. అందులో రెండు రకాలు, ఒకటి రవ్వంత బరువెక్కువ. ఐసోటోపులంటారు. ఒకే కాలంలో ఒకే సముద్రంలో పేరుకున్న రాయి అంతటా ఆ రెండింటి పాళ్ళూ ఒకే తీరుగా ఉంటాయి. కాలం మారితే పాళ్ళూ మారతాయి. ఈ చార పాళ్ళూ ఆ చార పాళ్ళూ కలిస్తే రెండూ ఒకే పొర."

"ఇంత ఉడికిన రాయికి ఇంకా ఆ పాళ్ళు గుర్తుంటాయా?"

"మా డిపార్టుమెంటులో అందరూ అదే అని నవ్వుతున్నారు. చూడాలి."

సంచీలోంచి చిన్న సీసా తీసి ఒక ముక్క మీద ఆమ్లం చుక్క వేశాడు. రాయి బుస్సుమని నురగ కక్కింది. ఆ వచ్చే గాలినే పట్టి, బొంబాయిలో ఒక మిషనులో తూస్తారట. జగ్గమ్మ జల్లెడ పక్కన పెట్టి దగ్గరికి వచ్చి చూసింది.

"సింతపండు రాసినా అలగే బుడగలొస్తాయి బాబూ. కాపోతే ఇంత బుస్సుమనదు."

"అదీ పులుపే కదా," అని పద్మనాభం నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాటను అక్కడితో వదిలేశాం.

జగ్గమ్మ మాత్రం కదల్లేదు. వాడి సీసా వంకా, రాయి వంకా చూసి, "బాబూ, ఏ రాయికి ఏ రాయి సుట్టమో నీ మిషను సెప్తాదేటి?" అని అడిగింది.

"చెబుతుంది. దాని పనే అది."

ఆమె లోపలికి పోయి గూట్లో రాయి తెచ్చి వాడి ముందు పెట్టింది. నేను ఎర్రన్న కథంతా చెప్పాను. పద్మనాభం మనసు మెత్తనివాడు. రాయిని రెండు చేతులా తీసుకుని, ఈ కొండల్లో ప్రతి చారలోంచీ ముక్కలు తెస్తున్నాను కదా, ఇది వేటితో కలుస్తుందో చూద్దామన్నాడు. ఒక ముక్క కావాలన్నాడు. గోరంత చాలునన్నాడు.

సుత్తి ఎత్తితే జగ్గమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. నేనే కొడతానంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్ళు పిండి చేసే మనిషి, సుత్తి పట్టుకుని ఎంతసేపు కూర్చుందో! రాయిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఏ పక్కన దెబ్బ వెయ్యాలో తెలియలేదు. ఆఖరికి అడుగు పక్కన, గూట్లో పెడితే కనిపించని చోట, చిన్న దెబ్బ వేసింది. రాలిన పలుకును పద్మనాభం కాగితంలో మడిస్తే, కింద పడిన పొడిని కూడా ఆమె వేలికొసన అద్ది తీసి రాయి మీదే పెట్టింది.

ఆ తర్వాతి ఏడాది పైచిలుకు నాకు బాగా గుర్తు. బొంబాయిలో మిషను ఒకటే, దేశమంతా వరసలో నిలబడి ఉంది. జగ్గమ్మ అదేమీ వినదు. పోస్టుమాను మా ఇంటి వైపు తిరిగితే చాలు, "బొంబాయెల్లిన నా పలుకు ఏటైనా కబురెట్టినాదా పంతులమ్మా?" అని గోడ మీంచి తొంగిచూసేది. నేను విసుక్కునేదాన్ని. విసుక్కుని మళ్ళీ నేనే పద్మనాభానికి జాబు రాసేదాన్ని. ఆ మధ్యలో ఆమె ఒక పొందూరు పంచె కొని తెచ్చుకుంది. అంత సన్నటి పంచె మా నాన్న కూడా ఎన్నడూ కట్టలేదు.

"ఎవరికి?" అన్నాను, తెలిసి తెలిసీ.

"ఏ గోనె సుట్టుకుని ఉన్నాడో ఆ మడిసి. ఊరు పేరు తెలిసిన రోజే ఎల్లిపోతాను. అప్పుడు కొనడానికి టయిముండదు గదా." ఎర్రన్నకు సన్నబట్ట అంటే మోజట. పెళ్ళిలో కట్టిన పంచె చిరిగితే మూడు రోజులు అలిగాడట. ఆ మాట చెబుతూ జగ్గమ్మ పంచె మడతను ముక్కు దగ్గర పెట్టుకుని కొత్తబట్ట వాసన పీల్చింది. ఆ వయసులో మొగుడి కోసం అలా ఎదురుచూడడం నేను మరో ఇంట్లో చూడలేదు. నాకు అసూయ కూడా కలిగింది, దాచడం దేనికి?

అరవై ఎనిమిది ఎండాకాలం. పద్మనాభం బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం. గుమ్మంలోంచే కేక.

"అక్కా! కలిశాయి! అన్నీ కలిశాయి! సాలూరు పక్క చారా, ఘాటీ పైన చారా, కోరాపుట్ చారా, పాళ్ళన్నీ ఒకే తీరు. ఒకటే పొరక్కా, ఒకటే సముద్రం!"

వాడి మొహంలో అంత వెలుగు చిన్నప్పుడు వాడి ఉపనయనానికి కూడా చూడలేదు. నేనూ సంబరపడ్డాను. నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించాడు కదా. ఇంతలో గోడ అవతల రోకలి ఆగింది. జగ్గమ్మ చేతులు కూడా దులుపుకోకుండా వచ్చి నిలబడింది.

"నాది బాబూ? నా పలుకు?"

"నీదీ కలిసింది జగ్గమ్మా."

"దేనితోటి?"

పద్మనాభం మిఠాయి పొట్లం విప్పబోతున్నవాడల్లా ఆగాడు.

"అన్నింటితోటీ," అన్నాడు.

జగ్గమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. "అన్నీ ఒకటే అయితే, మరి నా రాయిది ఏ ఊరు?"

అప్పుడర్థమైంది నాకు. ఆ చారలు వేరు వేరు కాలాలవైతేనే ఆమె రాయి వాటిలో ఒకదానికి చెందేది, ఆ ఊరు తెలిసేది. వాడి లెక్క నెగ్గితే ఆమె లెక్క పోతుంది. ఈ సంగతి వాడికి మొదటిరోజే తెలిసి ఉండాలి. "ఒరే, అప్పుడే చెప్పి ఏడవచ్చు కదరా!" అని అరిచేశాను. "ఏమో అక్కా, వేరు పడినా పడవచ్చనుకున్నాను. పడకూడదని కూడా అనుకున్నాను," అన్నాడు నేల చూస్తూ. వాడి మొహం చూస్తే ఇంక తిట్టబుద్ధి కాలేదు.

ఆ ఇరకాటంలోంచి బయటపడడానికే కాబోలు, జగ్గమ్మ ఇంటికి వెళ్ళి గూట్లో రాయిని దించి, మెడలో వేలాడే భూతద్దంతో చూడసాగాడు. చూస్తూ చూస్తూ ఒక పక్కన బొటనవేలితో తడిమాడు.

"జగ్గమ్మా, దీని మీద ఏమైనా చెక్కి ఉండేదా?"

"సెక్కడమేటి? గీతలుండీవి. ఉలి తగిలిన దెబ్బలేమో అనుకున్నాను. అవే పోనాయి."

"ఎలా పోయాయి?"

"తోముతన్నాను గదా బాబూ. ఆరేళ్ళనుంచి."

పద్మనాభం రాయిని మెల్లగా కింద పెట్టాడు. కూలికి రాళ్ళు కొట్టేచోట ఏ ముఠా కొట్టిన రాళ్ళకు ఆ ముఠా గుర్తు ఉలితో గీస్తారని చెప్పాడు. ఒక క్వారీ గుర్తు ఇంకో క్వారీలో ఉండదు. లారీవాళ్ళలో ఎవరికి చూపించినా చెబుతారు. తెల్లరాయి అంతటా ఒక్కలాగే ఉంటుందని వాడికి ఇప్పుడు మిషను చెప్పింది. ఎర్రన్నకు అది కళ్ళతోనే తెలుసు. అందుకే ఈసారి రాయితో పాటు గుర్తు కూడా పంపాడు. సున్నపురాయి పులుపు తగిలితే కరుగుతుంది. శుక్రవారం శుక్రవారం, పొగ పట్టకుండా, దుమ్ము పట్టకుండా, దేవుడి చెంబు కన్నా శ్రద్ధగా తోమి తోమి జగ్గమ్మ ఆ ఉత్తరాన్ని కడిగేసింది.

ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది. తర్వాత ఆ చేతుల్తోనే నెత్తి కొట్టుకుని, "మావా, నానేటి సేసీసినాను మావా," అని వీధంతా వినిపించేలా ఏడ్చింది. లారీ స్టాండులో జనం కూడా వచ్చి నిలబడ్డారు. నేను పక్కన కూర్చుని ఆమె చేతులు గట్టిగా పట్టుకున్నాను. పద్మనాభం ఆ రాత్రి అన్నం తినలేదు. మిఠాయిలకు చీమలు పట్టాయి.

మర్నాడు పొద్దున నా వాకిట్లో ఎప్పటి చుక్కల ముగ్గే ఉంది. ఆమె వాకిట్లో మాత్రం ముగ్గు లేదు. అలికిన నేల మధ్యన జానెడు గీతలు, ఒకటి నిలువుగా, రెండు ఏటవాలుగా. పక్కన జగ్గమ్మ గొంతుక్కూర్చుని, తల ఒకవైపు వాల్చి చూసుకుంటోంది.

"ఇలగే ఉండీవి అనుకుంటాను. గేపకం రావట్లేదు."

ఆనాటినుంచి రోజూ ఒక కొత్త గుర్తు. ఒకరోజు అడ్డగీత కలుపుతుంది, ఒకరోజు చుక్క పెడుతుంది, ఒకరోజు అంతా చెరిపి మొదటికి వస్తుంది. తెల్లరాయి పిండితోనే. స్టాండుకు పోయే డ్రైవర్లు, క్లీనర్లు అటే నడవాలి. అందరినీ ఆపి అడిగేది. "ఈ గుర్తు ఎక్కడైనా సూసినావేటి బాబూ?" కొందరు నిజంగా ఆలోచించేవారు. కొందరు ఆమె మనసు కోసం ఏదో ఊరు పేరు చెప్పేవారు. అది అబద్ధమని ఆమెకు వెంటనే తెలిసిపోయేది. క్వారీల గుర్తులన్నీ రాసి తెస్తానని పద్మనాభం మాట ఇచ్చాడు కానీ, ఆ ఏడాది చివరికి కొండల మీద నక్సలైట్ల గొడవలు ముదిరి పోలీసు క్యాంపులు వెలిశాయి. సుత్తి పట్టుకున్నవాడినెవడినీ పైకి పోనివ్వలేదు. రాయిని తోమడం మాత్రం ఆమె ఆరోజే మానేసింది. చింతపండు చేత్తో ఆ గూటి దరిదాపులకు పోయేది కాదు.

ఎర్రన్న ఎక్కడున్నాడో చెప్పగల మనిషి అరవై తొమ్మిది వానాకాలంలో వచ్చాడు. పేరు అప్పలసూరి. ఏళ్ళ తరబడి రాయపూరు వైపు లారీ నడిపి, ఆ నెలే సాలూరు తిరిగి వచ్చిన పాత డ్రైవరు. నేను బడికి బయలుదేరుతున్నాను. జగ్గమ్మ వాకిట్లో ఆరోజు గుర్తు, నిలువుగా ఒక గీత, దాని మీద అడ్డంగా రెండు, పక్కన ఒక చుక్క. అప్పలసూరి బీడీ నోట్లోంచి తీసి ఆగిపోయాడు.

"ఈ గుర్తు నీకెలగ తెలుసే?"

జగ్గమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఎక్కడిది బాబూ? ఏ ఊరు?"

"కొండ మీద, ఘాటీ దాటినాక సిన్న క్వారీ ఉండీది. నాను ఒక ఏడు అక్కడినించి చిప్సు తోలినాను. ఇప్పుడు నేదు గదా అది."

"నేదంటే?"

అప్పలసూరి నా వంక చూశాడు. మళ్ళీ మెల్లగా అన్నాడు. "సైనా గొడవొచ్చిన ఏడు వానలకి కొండసరియ అంతా కూలిపోనాది తల్లీ. దసరా ముందర. కిందున్నోళ్ళు కిందే ఉండిపోనారు. కంట్రాటరు ఊరొదిలి లగెత్తీసినాడు. ఎవులెవులున్నారో పేర్లు సెప్పినోడు నేడు."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. జగ్గమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ గుర్తు మీద చల్లి, చీపురుతో ఊడ్చేసింది.

"ఇది కాదు బాబూ. మా మావ గీసినవి ఇలగుండవు. నాను ఊరికే ఏసినాను ఇయ్యేళ."

మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో వేరే గుర్తు. ఆ మర్నాడు ఇంకొకటి. ఎన్నో తిప్పి తిప్పి మళ్ళీ మళ్ళీ వేసింది కానీ, నిలువుగీత మీద రెండడ్డగీతలూ చుక్కా ఉన్న గుర్తు మాత్రం మళ్ళీ వెయ్యలేదు. నేను రోజూ గమనించేదాన్ని. డ్రైవర్లను ఆపి అడగడమూ మానలేదు.

ఆ సంవత్సరమే మార్గశిరంలో నాకు శ్రీకాకుళం బదిలీ అయింది. సామాన్లు బండికెత్తించి, చెప్పి వద్దామని జగ్గమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె లోపల నాకోసం చోడి అట్లు కడుతోంది. గుమ్మంలో నిలబడి గూట్లోకి చూశాను. ఏడాదిన్నరగా తోమని రాయి వంటింటి పొగకు పచ్చబడి ఉంది. కరగగా మిగిలిన సన్నటి గాడుల్లో ఆ పొగ ఇంకాస్త చిక్కగా దిగింది. పద్మనాభం భూతద్దానికి అందని గీతలు ఇప్పుడు ఉత్తి కళ్ళకు కనిపిస్తున్నాయి. నిలువుగా ఒకటి. దాని మీద అడ్డంగా రెండు. పక్కన చుక్క.

వెనక జగ్గమ్మ వచ్చి నిలబడిన అలికిడి.

"ఏటైనా అగుపిస్తందా పంతులమ్మా? రాతిపిండి పడి నా కళ్ళు మసకలు గదా."

నేను వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాను. బొట్టు ఆ పొద్దున పెట్టుకున్నదే, ఇంకా చెదరలేదు. ఆమె రాయి వంక చూడడం లేదు. నన్నే చూస్తోంది.

"ఏమీ కనిపించడం లేదు జగ్గమ్మా. పొగ పట్టింది, అంతే."

"అయితే తోమీవాల," అంది.

కుండలోంచి పిడికెడు చింతపండు తీసి గిన్నెలో నానేసింది. బండివాడు బయటినుంచి పిలుస్తున్నాడు, ఆగమన్నాను. నానాక ఆమె రాయిని ఒళ్ళో పెట్టుకుని తోమడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు పోశాను.